సిస్టమన్నతో నా తగాదా

మొన్న సోమవారం ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో వచ్చింది. కింద "మన సిస్టమన్న ఇక లేడు" అని ఒక వాక్యం, దాని కింద అందరూ పెట్టిన చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టి చాలాసేపు ఆ ఫోటో చూస్తూ కూర్చున్నాను. ఫోటోలో ఆయన నవ్వుతున్నాడు. నాకు తెలిసి మా ఎల్లారెడ్డి బ్రాంచిలో ఆయన ఒక్కనాడూ నవ్వలేదు. ఈ నవ్వు ఎవరి దగ్గర నవ్వాడో, ఎప్పుడు నవ్వాడో.

ఆయన గురించి నాకు అర్థం కానివాటిలో ఇదొకటి. ఇంకా చాలా ఉన్నాయి. అన్నీ ఒక చోట రాసుకుంటే ఏమైనా తేలుతుందేమోనని కూర్చున్నాను.

మాది విత్తనాల కంపెనీ. పెద్దాఫీసు కామారెడ్డిలో ఉంది. ఎల్లారెడ్డి బ్రాంచి అంటే ముందు మూడు గదులు, వెనక గోదాము, అంతే. చుట్టుపక్కల ఊళ్ల రైతులు మా కోసం సీడు పంట వేస్తారు. ఆ విత్తనం శుభ్రమై సంచుల్లోకి ఎక్కాక ప్రతి సంచికీ ఒక లాటు నెంబరు పడుతుంది. ఆ నెంబర్లను కంప్యూటరులో ఎక్కించడం నా పని. ఒక్క అంకె తప్పితే ఒక రైతు విత్తనం ఇంకో రైతు పేరు మీద పోతుంది. అందుకని ఆ కుర్చీ ఎవరికి పడితే వాళ్లకివ్వరు. పద్నాలుగేళ్లుగా అందులో నేనే కూర్చుంటున్నాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

కంప్యూటర్లు మొరాయించినప్పుడు కామారెడ్డిలో బస్సెక్కి వచ్చేవాడు ఆయన. పేరు అందరికీ తెలుసు, ఎవరూ పిలవరు. సిస్టంలు బాగుచేసే అన్న కాబట్టి సిస్టమన్న. పుట్టింది గాంధారి దిక్కు పల్లెలో, కాపురం కామారెడ్డిలో. యాభై దాటిన మనిషి. తెల్ల చొక్కా, మెడలో తువాల, జేబులో పెన్ను ఉండాల్సిన చోట పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు. కంప్యూటరు విప్పి, లోపలి చిన్న పలకలను బయటికి తీసి, వాటి అంచులను ఆ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టేవాడు. సగం జబ్బులు దానికే పోయేవి. మిగతా సగానికి సంచిలోంచి గడ్డం గీసుకునే బ్రష్షు తీసి దుమ్ము దులిపేవాడు. ఈ రెండింటికీ లొంగని రోగం వస్తే మిషను పక్కకు చెవి ఆనించి కాసేపు కూర్చునేవాడు. ఏం వినేవాడో మాకు తెలియదు, అడిగితే చెప్పేవాడు కాదు.

పాడైంది అనే మాట ఆయన నోట రాలేదు. "అలిగింది" అనేవాడు. అనేసి మా వైపు అనుమానంగా చూసి, "మొన్న దీన్ని ఏమన్నరు?" అని అడిగేవాడు. మేమేదో తిట్టినట్టు, కొట్టినట్టు. ఎంతసేపు పడుతుందన్నా అని తొందరపెడితే మాత్రం కోపమొచ్చేది. "బువ్వ ఉడకక ముందే పళ్లెం వట్టుకొని కూసుంటవా చెల్లె?" అనేవాడు. ఫోను చేస్తే ఆయన వైద్యం రెండే మాటలు. "బంద్ జెయ్. మళ్ల చాలూ జెయ్." అది పని చేయకపోతే మర్నాటి పొద్దుటి బస్సుకు దిగేవాడు. రాగానే చాయ్. సాసరులో పోసుకొని, ఊదుకొని, గదంతా వినపడేలా జుర్రేవాడు. మా మేనేజరు సారు ఆ చప్పుడుకు కిటికీ దగ్గరికి లేచిపోయేవాడు.

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే మా తగాదా అర్థం కాదు.

నాకు పదకొండో ఏట కుష్ఠు వచ్చింది. మా వైపు ఆ మాట నోటితో అనరు, పెద్దరోగం అంటారు. ఏడాది మాత్రలు మింగాను. తగ్గిపోయింది, అందరిలాగే ఉండొచ్చు, ఎవరికీ అంటదు అని డాక్టరు మా అవ్వకు పదిసార్లు చెప్పాడు. కానీ కుడిచేతి ఉంగరపు వేలికి, చిటికెన వేలికి స్పర్శ పోయింది. కొంచెం వంగి ఉంటాయి, అంతే. వేడి గ్లాసు పట్టుకుంటే సాయంత్రం బొబ్బ కనబడ్డాకే కాలిందని తెలుస్తుంది. ఎవరన్నా అడిగితే తలుపు సందున పడ్డాయని చెప్పమంది మా అవ్వ. ముప్పయ్యేళ్లుగా అదే చెబుతున్నాను. పెండ్లయిన ఏడాదికి ధైర్యం తెచ్చుకొని మా ఆయనకు చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "నాకు చెప్పినవ్ సరే. ఇంకెవ్వరికి చెప్పకు" అన్నాడు. మంచివాడే. అయినా ఆ మాట నాలో ఎక్కడో ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

కీబోర్డుకు కుడిపక్కన అంకెల గళ్లుంటాయి చూడండి. మూడు, ఆరు, తొమ్మిది ఉంగరపు వేలితో కొట్టాలి. ఎంటరు చిటికెన వేలితో. అవి రెండూ నా మొద్దు వేళ్లు. నొక్కిన సంగతి వాటికి తెలియదు, నా చెవికి తెలియాలి. మొదట్లో నాకిచ్చిన కీబోర్డు లావుది, బరువుది, గట్టిగా టక్కుమనేది. ఒక టక్కుకు ఒక అంకె. రెండు టక్కులైతే రెండు. అలా చెవితో చూసుకుంటూ నేను ఆ కుర్చీలో నిలబడ్డాను. అది పోతే కుర్చీ పోతుంది. దాన్ని నిలుపుకోవాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే ఆ మాట చెప్పాలి.

అన్ని బ్రాంచీలకు కొత్త సిస్టంలు వచ్చినప్పుడు మొదలైంది గొడవ. వాటితోపాటు అప్పడంలాంటి పలచటి కీబోర్డులు వచ్చాయి. నొక్కితే చీమ నడిచినంత చప్పుడు కూడా రాదు. ఆయన పెట్టె చంకలో పెట్టుకొని వచ్చి, నా పాతదాని వైరు మీద చెయ్యి వేశాడు.

"ముట్టకన్నా. అది ఉండనియ్" అన్నాను.

"ఏంది ఉండనిచ్చేది? గిది కీబోర్డా, వడ్లు దంచే రోలా? గోదాముల హమాలీలకు గూడ వినవడుతున్నది."

"దసరాకు దానికి పసుపు కుంకుమ పెట్టిన. పూజ జేసినదాన్ని ఇయ్యరాదు."

అబద్ధం కాదు. దసరాకు మా ఆఫీసులో సిస్టంలకూ, తూకం మిషనుకూ, జీపుకూ అన్నిటికీ బొట్లు పెడతాం. కానీ ఆయన దగ్గర అది చెల్లలేదు.

"నేను మా బోరు మోటరుకు పెట్టిన. కాలిపోతే పాతసామానోనికి ఇయ్యలేదా?"

"చేతికి అలవాటైందన్నా."

"కట్టెల పొయ్యి గూడ అలవాటే ఉండె. గ్యాసు వెట్టుకోలేదా?"

అలా గుమ్మంలో నిలబడి, ఒక కాలికి చెప్పు తొడుక్కొని, ఇంకో చెప్పు మరిచిపోయి పావుగంట వాదించాడు. నేనూ తగ్గలేదు. అది కదిపితే మా ఇంట్లో మంచి జరగదని కూడా అన్నాను, ఏ జ్యోతిష్యుడూ చెప్పని మాట. చివరికి పెట్టె మళ్లీ చంకలో పెట్టుకొని పోయాడు. గెలిచాననుకున్నాను.

కొన్ని నెలలకు మేనేజరు సారే నిలబడి కొత్తది పెట్టించాడు. పాతదాన్ని బీరువా మీదికి ఎక్కించారు. మూడు రోజులు నేను ప్రతి అంకెనూ స్క్రీను మీద చూసి, మళ్లీ చూసి కొట్టాను. నాలుగో రోజు సంచులు ఎక్కువొచ్చాయి, చేయి తొందరపడింది. ఒక ఆరు పడాల్సిన చోట రెండు ఆర్లు పడ్డాయి. నస్రుల్లాబాద్ రైతు విత్తనం బీబీపేట రైతు పేరు మీద ఎక్కింది. ఆ పెద్దమనిషి వచ్చి గోదాము ముందు కూర్చొని, "నా పంటకు గింకోని పేరేంది బిడ్డా?" అని నన్నే అడిగాడు. ఇంకోసారి ఇట్లయితే సీటు మార్చాల్సి వస్తుందని సారు అందరి ముందూ అన్నాడు.

సిస్టమన్నను పిలిపించారు. ఆయన నా కుర్చీలో కూర్చొని, కళ్లు మూసుకొని, కొత్త కీబోర్డు మీద ఒక్కో అంకెనూ నొక్కడం మొదలుపెట్టాడు. అరగంట అదే పని. నేను వెనక నిలబడి స్క్రీను చూస్తున్నాను. ఒక్క అంకె తప్పలేదు. ఇక తప్పు మిషనుది కాదు, మనిషిదే అని తేలిపోయిందనుకున్నాను.

ఆయన లేచి సారుతో, "గిది ఖరాబు మాల్ సార్. ఆరు ఒకపారి మంచిగ వడ్తది, ఒకపారి రెండు వడ్తది" అన్నాడు.

ఆయన నా వైపు చూడనే లేదు. స్టూలెక్కి బీరువా మీది పాతదాన్ని దింపి, బ్రష్షుతో దులిపి, వైరు గుచ్చాడు. గుచ్చాక నా మీద పడ్డాడు. "నీ అసుంటి మొండిమనిషిని నేను ఏ బ్రాంచిల చూడలె! పాతదాన్ని వట్టుకొని ఏలాడుతున్నవ్. రేపు గిది సస్తె ఏం జేస్తవ్? అప్పుడు గూడ నా పానం తింటవా?" గోదాములోంచి హమాలీలు తొంగి చూశారు. నాకు కోపంతో చెవులు మండిపోయాయి. మంచిదాన్ని చెడ్డదని ఎందుకన్నాడు? నాకు కావలసింది ఇస్తూ నన్నెందుకు తిట్టాడు? ఏదో ఒకటి చేయాలి గదా మనిషి.

ఆ తర్వాత అదొక ఆనవాయితీ అయిపోయింది. ఏడాదికో, ఏడాదిన్నరకో పెద్దాఫీసు నుంచి పాతసామాన్లు వాపసివ్వమని కాగితం వస్తుంది. ఆయన కొత్త పెట్టె తెస్తాడు. గుమ్మంలో నిలబడి రోడ్డు మీదికి వినపడేలా నాతో పోట్లాడతాడు. పెట్టె పట్టుకొని పోతాడు. నాలుగోసారికి నా బుర్రలో పురుగు తొలిచింది. ఈ పెట్టెలు ఎల్లారెడ్డి దాకా వచ్చి ఎక్కడికి పోతున్నట్టు? కామారెడ్డిలో ఏ దుకాణానికైనా ఇస్తున్నాడా? ఎంత నీచంగా అనుకున్నానో రాయడానికి సిగ్గేస్తోంది. అనుకొని ఊరుకున్నానా, మేనేజరు సారు చెవిలో వేశాను. సారు కాగితం మీద పెట్టి నా సంతకం తీసుకున్నాడు.

కామారెడ్డికి ఇద్దరినీ ఒకేరోజు పిలిచారు. పెద్దసారు నా పేరుతో సహా ఆ కాగితం ఆయన ముందే చదివాడు. ఆయన లేచి స్టోరు గది తెరిచి చూపించాడు. కొత్త పెట్టెలన్నీ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, ప్రతిదాని మీదా ఆయన వంకర రాతలో ఎల్లారెడ్డి అని ఉంది.

"మరి వాపస్ ఎందుకు తెస్తున్నవయ్యా?" అన్నాడు పెద్దసారు.

"ఆమె ఇయ్యనంటున్నది సార్. గుంజుకోవాల్నా?"

"నచ్చజెప్పాలె గదా."

"చెప్తనే ఉన్న సార్. ఎల్లారెడ్డిల ఎవరినన్న అడుగుండ్రి. బజారంత వినవడేటట్టు చెప్తున్న."

ఆ మాటలో ఏమన్నా ఉందా అని ఆలోచించే స్థితిలో నేను అప్పుడు లేను. భూమి చీలితే బాగుండుననుకుంటూ బస్టాండుకు నడిచాను. ఎల్లారెడ్డి బస్సు రాగానే జనం ద్వారం మీద పడ్డారు. నేను ఎక్కలేక వెనకే నిలబడ్డాను. ఎక్కణ్నుంచి వచ్చాడో, సిస్టమన్న మెడలోని తువాల తీసి కిటికీలోంచి ఒక సీటు మీదికి విసిరాడు.

"అది నీ సీటు. పో, కూసో. అటు దిక్కు ఎండ రాదు" అన్నాడు.

"వద్దన్నా" అన్నాను.

"ఏంది వద్దు? లింగంపేటల జనం దిగేదాంక నిలవడి పోతవా?"

కూర్చున్నాను. తువాల ఇవ్వబోతే బస్సు కదిలింది, ఆయన చేయి ఊపి వెళ్లిపోయాడు. నా మీద ఫిర్యాదు చేసిన మనిషికి నేనైతే సీటు పట్టేదాన్నా? పట్టను. ఒట్టు. దారి పొడుగునా ఆ తువాలను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను, మనసంతా ఒకటే గజిబిజి. ఉతికి మడతపెట్టి, మళ్లీ వచ్చినప్పుడు ఇచ్చాను. మెడలో వేసుకొని, మానిటరు వైపు చూస్తూ, "మొన్న దీన్ని ఏమన్నరు?" అన్నాడు. క్షమించన్నా అని మాత్రం నేను అనలేదు. ఆ రోజు నుంచి ఆయన మా ఆఫీసులో చాయ్ ముట్టలేదు. అడిగితే షుగరొచ్చిందన్నాడు. షుగరో, నా మీద కోపమో నాకు తెలియదు.

రెండేళ్ల కింద ఆయన రిటైరయ్యాడు. ఇప్పుడు మా సిస్టంల మంచిచెడ్డలన్నీ హైదరాబాదు నుంచి ఫోను మీదే చూస్తున్నారు. ఏ బాధ వచ్చినా కంప్యూటరులో టికెట్ అనే ఫిర్యాదు పెట్టాలి, ఆ తర్వాత ఒకమ్మాయి ఫోను చేస్తుంది. సోమవారం ఆయన ఫోటో వచ్చిందా, బుధవారం పెద్దాఫీసు కాగితం వచ్చింది. పాత కీబోర్డులన్నీ ఈ నెలాఖరుకు వాపసు. ఈసారి గుమ్మంలో నిలబడి పోట్లాడేవాళ్లు లేరు. టికెట్ పెట్టాను. మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫోను చేసింది. రెండు చేతులూ ఖాళీగా ఉండాలని స్పీకరులో పెట్టాను, ఎప్పుడూ పెట్టినట్టే.

"మేడం, మీ కీబోర్డుకు ఇదివరకే చాలాసార్లు మినహాయింపు తీసుకున్నారు కదా" అంది.

"నేనెప్పుడు తీసుకున్ననమ్మా?"

"మీరు కాదు, ఇక్కడ పాత సపోర్టు అతను పెట్టారు. ప్రతిసారీ కారణం గడిలో ఏదో రాశారు. చదవమంటారా?" ఆమె గొంతులో నవ్వు తెలుస్తోంది. "'ఎల్లారెడ్డిలో కరెంటు ఎక్కువతక్కువ వస్తుంది, కొత్త కీబోర్డు తట్టుకోదు.' ఇంకోటి, 'గోదాములో ఎలుకలు ఎక్కువ, కొత్త వైరు మెత్తగా ఉంది, కొరుకుతాయి.' తర్వాతది, 'దసరాకు పూజ చేసినారు, తీస్తే స్టాఫు బాధపడతారు.' ఇక్కడ ఒకసారి 'కోతులు' అని మాత్రమే రాశారు మేడం. కోతులేం చేశాయో రాయలేదు."

నాకు నవ్వొచ్చింది. వెంటనే కళ్లలో నీళ్లొచ్చాయి. ఇక్కడ నా కీబోర్డు ఇవ్వమని నాతో గొడవపడ్డ మనిషి అక్కడికి పోయి దాన్ని ఉంచమని కోతుల్ని సాక్ష్యం తెచ్చాడు. ఎందుకన్నా? నీకు తెలుసా? ఆ రోజు కళ్లు మూసుకొని అరగంట కొట్టినప్పుడు తెలిసిందా? తెలిస్తే ఒక్క మాట అనకూడదా? తెలియకపోతే మరి ఎందుకు?

"కానీ మేడం, ఇవేవీ ఇప్పుడు ఒప్పుకోరు" అంది ఆ అమ్మాయి. "అసలు కారణం చెప్పండి. నేను అదే రాస్తాను."

తలెత్తి చూశాను. గదిలో మేనేజరు సారున్నాడు. లేబుళ్లు అతికించే ఆడవాళ్లిద్దరున్నారు. సంతకం కోసం హమాలీ మేస్త్రీ నిలబడ్డాడు. స్పీకరు తీసేసి బయటికి పోయి మాట్లాడొచ్చు. కరెంటు అని మళ్లీ ఇంకో అబద్ధం కూడా చెప్పొచ్చు. ఇన్నేళ్లు నా కోసం ఇంకొకరు అబద్ధాలు రాసీ రాసీ పోయారని తెలిశాక నా నోటికి ఇంకో అబద్ధం రాలేదు.

"నాకు చిన్నప్పుడు కుష్ఠు వచ్చిందమ్మా" అన్నాను. "మందులతోని మంచిగైంది. గని కుడిచేతి రెండు వేళ్లకు స్పర్శ లేదు. టక్కుమంటెనే నొక్కినట్టు ఎరుకైతది. గందుకే నాకు పాతదే గావాలె."

లేబుళ్ల దగ్గర చేతులు ఆగిపోయాయి. అటువైపు టైపు చేస్తున్న చప్పుడు సన్నగా వినిపించింది.

"రాశాను మేడం. వైద్య కారణం కింద పెడుతున్నాను. దీన్ని ఎవరూ కాదనరు" అంది. మళ్లీ తనే, "ఒకటి అడగనా? ఆయనకు తెలుసా మేడం?"

"ఏమో తల్లీ. గదే నాకు సమజ్ గాలె."

"ఉండండి. అన్నిటికన్నా ముందుది ఇంకో పేజీలో ఉంది. ఆయన మొట్టమొదట రాసిన కారణం..." వెతికింది. వెతికి, నవ్వు లేకుండా చదివింది. "'ఆమెకు అదే కావాలట. ఉండనివ్వండి.'"

"అంతేనా?"

"అంతే మేడం. కింద పెద్దాఫీసు వాళ్లు 'ఇది కారణం కాదు' అని రాసి తిప్పి పంపారు. మిగిలినవన్నీ ఆ తర్వాత రాసినవే."

ఫోను పెట్టేశాను. బల్ల మీద తల వాల్చి ఏడ్చాను. సిగ్గు లేకుండా, వెక్కి వెక్కి ఏడ్చాను. మేనేజరు సారు కుర్చీ జరుపుకొని నా దగ్గరికి వచ్చాడు. నేను చెప్పుకున్నదానికే ఏడుస్తున్నాననుకున్నాడు పాపం. "ఎవరేమంటరమ్మా? ఎవ్వరేమనరు. నేనున్న గదా" అన్నాడు.

"అది కాదు సార్" అన్నాను. "మా అన్న పోయిండు."